గర్భం నిలబడటానికి వేసే హార్మోన్ ఇంజెక్షన్లు: బిడ్డ పెద్దయ్యాక ఏమవుతుంది?

అమ్మా, మీరు రాసినదంతా జాగ్రత్తగా చదివాను. ఇతరులకు కూడా అర్థం కావడానికి మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీకు 34 ఏళ్లు, చిత్తూరులో ఉంటున్నారు, ఇది తొలి గర్భం, ఇప్పుడు 8వ వారం. 6వ వారంలో కొద్దిగా రక్తపు మరక కనిపిస్తే తిరుపతి వచ్చి చూపించుకున్నారు. స్కానింగ్‌లో బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోందని చెప్పి రోజూ వేసుకోవడానికి డైడ్రోజెస్టిరోన్ మాత్రలు, వారానికొకటి చొప్పున హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ కాప్రోయేట్ ఇంజెక్షన్ రాశారు. ఈ రెండూ గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టిరోన్ అనే హార్మోన్‌ను పోలేలా తయారు చేసిన మందులు. ఒక ఇంజెక్షన్ అయింది. ఈలోగా ఈ మందు వాడితే పుట్టిన పిల్లలకు పెద్దయ్యాక క్యాన్సర్ వస్తుందంటూ ఎవరో మీ ఫోనుకు వీడియో పంపారు. అది చూస్తుండగానే మీ అమ్మగారు, "నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాకూ వారం వారం ఇంజెక్షన్ వేశారే" అన్నారు. ఇప్పుడు మీకు పుట్టబోయే బిడ్డ గురించి ఒక భయం, మీ గురించి మరో భయం.

తిరుపతిలో స్త్రీల వైద్యురాలిగా ఏళ్ల తరబడి పనిచేశాను. ఈ ఇంజెక్షన్ చీటీలు చిత్తూరు, పలమనేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఎందరి చేతుల్లోనో చూశాను. అందుకే సూటిగా చెబుతాను. మాత్రలను మీ అంతట మీరు ఆపకండి. రెండో ఇంజెక్షన్ వేయించుకునే ముందు మీ డాక్టరుతో మాట్లాడండి. మీరు చెప్పిన పరిస్థితిలో అది అవసరమని నేను అనుకోవడం లేదు. ఒక్క ఇంజెక్షన్ పడిందని గర్భం తీయించుకోమని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాట చెవిన పెట్టకండి. అందుకు ఏ ఆధారమూ లేదు.

ఇక వివరంగా.

ఆ వీడియో చేసిన పెద్ద పొరపాటు హార్మోన్లన్నింటినీ ఒకే గాటన కట్టడం. ఇలాంటివి చూసి బెదిరిపోయి థైరాయిడ్ మాత్ర మానేసి వచ్చిన గర్భిణులు నాకు తెలుసు. ఆ మాత్రలోని లెవోథైరాక్సిన్ కూడా ఫ్యాక్టరీలో తయారైన హార్మోనే. కానీ అది మన గొంతులోని గ్రంథి తయారు చేసే థైరాక్సిన్‌లాంటిదే, ఏ తేడా లేని పదార్థం. శరీరంలో తక్కువైనదాన్ని భర్తీ చేస్తుంది. మొదటి మూడు నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి రక్తంలోని థైరాయిడ్ హార్మోనే ఆధారం. దాన్ని ఆపితేనే బిడ్డకు నష్టం. చక్కెర వ్యాధికి వేసుకునే ఇన్సులిన్ సంగతీ అంతే. కాబట్టి ఏ హార్మోన్ గురించైనా మూడు విషయాలు తెలుసుకోవాలి: ఏ మందు, ఏ నెలలో, ఏ కారణానికి. ఈ మూడూ తెలియకుండా భయపడటమూ తప్పే, ధైర్యం చెప్పడమూ తప్పే.

అలాగని భయం ఊరికే పుట్టింది కాదు. దాని వెనక నిజంగా జరిగిన ఘోరం ఉంది. 1938లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ అనే శాస్త్రవేత్త బృందం డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే మందును తయారు చేసింది. పొట్టిగా డీఈఎస్ అంటారు. ఇది ఆడవాళ్ల శరీరంలో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ లాగే, ఇంకా గట్టిగా పనిచేస్తుంది, చాలా చవక, మాత్రగా మింగవచ్చు. దీనికి పేటెంటు తీసుకోలేదు కాబట్టి ఎన్నో కంపెనీలు తయారు చేసి అమ్మాయి. అమెరికాలోని బోస్టన్‌లో జార్జ్ స్మిత్, ఆలివ్ స్మిత్ అనే దంపతులు ఇది గర్భస్రావాన్ని ఆపుతుందని రాశారు. 1947లో అక్కడి ప్రభుత్వం గర్భిణులకు వాడటానికి అనుమతించింది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో విలియం డీక్‌మన్ బృందం సుమారు 1,600 మంది గర్భిణులను రెండు భాగాలుగా చేసి, సగం మందికి డీఈఎస్, సగం మందికి అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసింది. గర్భం నిలబడటంలో ఏ లాభమూ కనబడలేదు.

నా వృత్తి జీవితమంతా నన్ను కలవరపెట్టిన విషయం ఇదే. పనికిరాదని తేలిన తర్వాత కూడా ఆ మాత్రను మరో 18 ఏళ్లు గర్భిణులకు రాస్తూనే పోయారు. "నష్టమైతే లేదు కదా, ఉండనీ" అనుకున్నారు. ఆ నష్టం బయటపడటానికి కడుపులోని బిడ్డ పుట్టి, ఎదిగి, పెద్దమనిషి కావలసి వచ్చింది.

1971 ఏప్రిల్‌లో ఆర్థర్ హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు బోస్టన్ నుంచి ఒక పరిశోధన ప్రచురించారు. 15 నుంచి 22 ఏళ్ల లోపు 8 మంది అమ్మాయిలకు యోనిలో క్యాన్సర్ వచ్చింది. ఆ భాగంలో క్యాన్సర్ ముసలివాళ్లకు వస్తుంది, అదీ అరుదు. ఈ వయసులో, ఈ రకం దాదాపు ఎరగరు. ఆ అమ్మాయిల్లో ఒకరి తల్లి తనే డాక్టరును అడిగింది: "ఈమె కడుపులో ఉన్నప్పుడు నేను డీఈఎస్ వాడాను, దానివల్ల అయి ఉంటుందా?" అలా వెతకడం మొదలైంది. 8 మందిలో 7 గురి తల్లులు డీఈఎస్ వాడారని తేలింది. పోల్చి చూడటానికి తీసుకున్న 32 మంది తల్లుల్లో ఒక్కరూ వాడలేదు. అదే ఏడాది నవంబరులో అమెరికా ప్రభుత్వం గర్భిణులకు ఆ మందు ఇవ్వవద్దని హెచ్చరించింది. ఐరోపాలో కొన్ని దేశాలు మానడానికి మరికొన్నేళ్లు పట్టింది.

ఎందుకు ఇలా జరుగుతుంది? 6వ వారం నుంచి 16వ వారం దాకా ఆడపిల్లలో గర్భాశయం, గర్భనాళాలు, యోని పైభాగం రూపు దిద్దుకుంటాయి. ఏ కణం ఎక్కడ స్థిరపడాలో హార్మోన్ల సంకేతాలే చెబుతాయి. తల్లి రక్తంలోని సహజ ఈస్ట్రోజెన్‌ను కొన్ని ప్రొటీన్లు పట్టి ఉంచుతాయి. డీఈఎస్‌ను అవి అంతగా పట్టి ఉంచలేవు. అది నేరుగా బిడ్డను చేరి తప్పుడు సంకేతం ఇచ్చేది. నారుమడిలో జరిగిన తేడా కంకి వేసే దాకా బయటపడనట్టు, ఆ తేడా పిల్ల రజస్వల అయిన తర్వాతగానీ, కాన్పుల వయసులోగానీ బయటపడేది.

2011లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు తల్లి కడుపులో డీఈఎస్ సోకిన 4,653 మంది ఆడవాళ్లను, సోకని 1,927 మందిని పోల్చి చూశారు. పిల్లలు కలగకపోవడం సోకినవారిలో 33 శాతం, సోకనివారిలో 15 శాతం. నెలలు నిండకముందే కాన్పు కావడం 53 శాతం, 18 శాతం. గర్భాశయం బయట గర్భం రావడం దాదాపు 15 శాతం, 3 శాతం. నలభై దాటాక రొమ్ము క్యాన్సర్ 3.9 శాతం, 2.2 శాతం. మొదట గుర్తించిన ఆ అరుదైన క్యాన్సర్ సుమారు వెయ్యి మందిలో ఒకరికి వచ్చింది. మగపిల్లల్లో వృషణాలు కిందికి దిగకపోవడం, వృషణాల పక్కన నీటి తిత్తులు ఎక్కువగా కనిపించాయి. మందు మింగిన తల్లులకు కూడా రొమ్ము క్యాన్సర్ ముప్పు కొంత పెరిగింది. మనవల తరం మీద ప్రభావం ఉందా అన్నది ఇంకా పరిశోధిస్తున్నారు.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ఒక మాట. డీఈఎస్ సోకినవారికి ఎక్స్‌రేలో గర్భాశయం లోపలి గది త్రికోణంలా కాకుండా ఇంగ్లీషు టీ అక్షరంలా కనిపిస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. పిల్లలు లేరని వచ్చే ఆడవాళ్ల ఎక్స్‌రేలో మన దగ్గర ఈ ఆకారం కనబడితే ముందు అనుమానించవలసింది గర్భాశయ క్షయను. ఎవరైనా మీ ఎక్స్‌రే చూసి టీ ఆకారం అన్నారంటే వెంటనే మీ అమ్మగారి పాత మందులను నిందించకండి. క్షయ పరీక్ష చేయించారా అని అడగండి. దానికి చికిత్స ఉంది.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. 1990 ప్రాంతంలో వారం వారం వేసిన ఇంజెక్షన్ అంటున్నారు. అది డీఈఎస్ కాదని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. డీఈఎస్ ఎక్కువగా మాత్రల రూపంలో, రోజూ, వారాలు గడిచే కొద్దీ మోతాదు పెంచుతూ ఇచ్చేవారు. మరి అదేమిటి? చీటీ దొరకకపోయినా అమ్మగారి జ్ఞాపకమే చాలావరకు చెబుతుంది. నిదానంగా కూర్చోబెట్టి ఇలా అడగండి. మందు నూనెలా చిక్కగా ఉండేదా? నర్సు పెద్ద సూదితో మెల్లగా ఎక్కించేదా? తుంటికి వేశాక రెండు మూడు రోజులు గడ్డ కట్టినట్టు నొప్పి ఉండేదా? వారానికి ఒక్కటే వేసేవారా? ఈ నాలుగింటికీ అవునంటే అది చాలావరకు హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ కాప్రోయేట్. ఆముదంలాంటి నూనెలో కరిగించి ఇస్తారు కాబట్టే శరీరంలోకి మెల్లగా దిగి వారం రోజులు ఉంటుంది. నూనె మందే గానీ రోజూ లేదా రోజు మార్చి రోజు వేశారంటే అది సహజ ప్రొజెస్టిరోన్ అయి ఉండవచ్చు. అది అంతకాలం నిలవదు. అలా కాక, చిన్న సీసాలోని తెల్లని పొడిలో మరో గాజు సీసాలోని నీళ్లు కలిపి వేసేవారని గుర్తుంటే అది హెచ్‌సీజీ, గర్భిణి శరీరంలో తయారయ్యే హార్మోన్. గర్భిణుల మూత్రం నుంచి తీసేవారు. అది కృత్రిమ హార్మోన్ కిందికి రాదు. రోజూ చిన్న తెల్ల మాత్ర కూడా మింగేవారంటే అప్పట్లో మన ఊళ్లలో విరివిగా రాసిన అల్లిల్‌ఈస్ట్రినాల్ కావచ్చు. అదీ ప్రొజెస్టిరోన్‌ను పోలిన కృత్రిమ మందే. ధనుర్వాతం రాకుండా వేసే టీకాను కూడా కొందరు ఇందులో కలిపేసుకుంటారు, కానీ అది వారం వారం వేసేది కాదు.

అమ్మగారిని అడిగేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఆమె ఆ ఇంజెక్షన్ వేయించుకున్నది మిమ్మల్ని దక్కించుకోవడానికి. తప్పు చేసినట్టు ఆమెకు అనిపించకూడదు. నేను ఎంతోమంది తల్లులను ఈ ప్రశ్నలు అడిగాను. సగం మంది మొదటి మాటకే కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

మీ అమ్మగారి కాలానికి కొంచెం ముందు మన దేశంలో మరో మందు ఉండేది: ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరోన్‌ను పోలిన కృత్రిమ మందు) రెండూ ఎక్కువ మోతాదులో కలిపిన మాత్రలు, ఇంజెక్షన్లు. నెల తప్పితే గర్భమా కాదా తేల్చుకోవడానికి వాడేవారు. గర్భం పోతుందన్న నమ్మకంతో కూడా వాడేవారు. బ్రిటన్‌లో ఇలాంటి మాత్రను ప్రిమోడోస్ పేరుతో 1978 దాకా అమ్మారు. పుట్టిన పిల్లల్లో అవకరాలకు అది కారణమా అన్న వివాదం అక్కడ ఇంకా తెగలేదు గానీ, మూత్ర పరీక్ష అందుబాటులోకి వచ్చాక దాని అవసరం లేదనీ, ముందే ఉపసంహరించి ఉండాల్సిందనీ 2020లో ప్రభుత్వం వేసిన సమీక్ష సంఘం తేల్చి చెప్పింది. మన దగ్గర 1982లో నిషేధానికి ఉత్తర్వులు వచ్చినా కంపెనీలు కోర్టుల నుంచి స్టే తెచ్చుకున్నాయి. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు ఏళ్ల పాటు పోరాడిన తర్వాత 1988లో నిషేధం అమలైంది. 1988కి ముందు పుట్టినవారెవరైనా ఇది చదువుతుంటే, వారి తల్లి నెల తప్పిన కొత్తలో "పరీక్ష కోసం" రెండు మాత్రలు వేసుకున్నానని చెబితే, అది ఇదే అయి ఉండవచ్చు.

ఇక మీ ఇద్దరికీ సంబంధించిన హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ కాప్రోయేట్. ఇది 1950ల నుంచీ ఉన్న మందు. 2011లో అమెరికాలో, ఇదివరకు నెలలు నిండకుండా కాన్పయినవారికి మళ్లీ అలా కాకుండా ఇవ్వడానికి అనుమతి ఇచ్చారు, కానీ ఒక షరతు మీద: నిజంగా లాభం ఉందని మరో పెద్ద పరిశోధనతో నిరూపించాలి. ఆ పరిశోధన ఫలితం 2019లో వచ్చింది. లాభం లేదని తేలింది. 2023 ఏప్రిల్‌లో అనుమతి రద్దయింది. మరుసటి ఏడాది ఐరోపా దేశాలు కూడా దీని అమ్మకాన్ని నిలిపివేయాలని నిర్ణయించాయి.

ఐరోపా నిర్ణయానికి ఒక కారణం మీకు వచ్చిన వీడియోలోని ఆ క్యాన్సర్ పరిశోధనే. అందులో ఏముందో పూర్తిగా తెలుసుకోవాలి. కాలిఫోర్నియాలో 1960ల ప్రాంతంలో గర్భిణులుగా నమోదైనవారి పిల్లలు 18,751 మందిని దశాబ్దాల పాటు గమనించారు. వారిలో 234 మందికి తల్లి కడుపులో ఈ మందు సోకింది. సోకినవారిలో క్యాన్సర్ సోకనివారితో పోలిస్తే దాదాపు రెట్టింపు; మొదటి మూడు నెలల్లో సోకినవారిలో రెండున్నర రెట్లు. పెద్దపేగు, మగవారిలో ప్రొస్టేటు, పిల్లల్లో మెదడు క్యాన్సర్ల పేర్లు అందులో వచ్చాయి. చాలావాటిని 50 ఏళ్ల లోపే గుర్తించారు.

దీన్ని ఎలా చూడాలి? ఒకటి, 234 మంది చిన్న సంఖ్య. అందులో క్యాన్సర్ వచ్చినవారు ఇంకా తక్కువ. ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే లెక్క మారిపోతుంది. రెండు, ఈ మందు ఇచ్చింది గర్భంలో ఏదో ఇబ్బంది ఉన్నవారికే. ఆ ఇబ్బంది వల్లనా, మందు వల్లనా అన్నది పూర్తిగా విడదీయలేం. డీఈఎస్‌లో వెయ్యికొకరికి వచ్చినా తప్పు పట్టేశారు, ఎందుకంటే ఆ వయసులో ఆ క్యాన్సర్ మరో కారణంతో దాదాపు రాదు. ఇక్కడ అంత స్పష్టత లేదు. రెట్టింపు అంటే మీకు తప్పకుండా వస్తుందని కాదు; యాభై ఏళ్ల లోపు క్యాన్సర్ రావడమే తక్కువ, ఆ తక్కువకు రెట్టింపు. ఈ మందు సోకినవారిలో అత్యధికులు క్యాన్సర్ లేకుండానే ఉన్నారు.

కానీ ఇది కొట్టిపారేయదగిన పరిశోధన అని కూడా నేను అనను. ఒక మందు వల్ల ప్రాణం నిలుస్తుందంటే కొంత అనుమానాన్ని భరించవచ్చు. లాభం లేదని తేలిన మందుకు చిన్న అనుమానమున్నా ఎందుకు భరించాలి? డీఈఎస్ విషయంలో 1953లో వేసుకోవలసిన ప్రశ్న ఇదే. మన ఊళ్లలో తొలి మూడు నెలల్లో, కొంచెం మరక కనబడగానే, ఒక్కోసారి ఏమీ కనబడకపోయినా "బలానికి" అంటూ ఈ ఇంజెక్షన్ వేయడం నేను చివరి దాకా వ్యతిరేకించాను. వేయకపోతే రోగి బంధువులే "ఈ డాక్టరమ్మ ఏమీ చేయలేదు" అని మరో చోటికి తీసుకెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. డాక్టర్లను మాత్రమే తప్పుపట్టి ప్రయోజనం లేదు. చీటీలో ఇంజెక్షన్ లేకపోతే వైద్యమే జరగలేదనుకునే అలవాటు మన ఇళ్లలోనూ ఉంది.

మీ గర్భానికి వస్తే, 6వ వారంలో కొంచెం మరక, ఇంతకుముందు గర్భస్రావం లేదు, గుండె కొట్టుకుంటోంది. ఇలాంటివారిలో అత్యధికులకు ఏ మందూ లేకుండానే గర్భం నిలబడుతుంది. బ్రిటన్‌లో 2019లో వెలువడిన ప్రిజమ్ అనే పరిశోధనలో తొలి నెలల్లో రక్తస్రావం ఉన్న 4,153 మందికి సహజ రూపంలోని ప్రొజెస్టిరోన్ లేదా ఉత్తుత్తి మందు ఇచ్చారు. బిడ్డ దక్కినవారు 75 శాతం, 72 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ ఇంతకుముందు మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు కడుపు పోయినవారిలో 72 శాతం, 57 శాతం. ఆ తేడా పెద్దది. ఇందువల్లే బ్రిటన్‌లో ఇప్పుడు రక్తస్రావం ఉండి, ఇదివరకు ఒక్కసారైనా గర్భం పోయినవారికి సహజ ప్రొజెస్టిరోన్‌ను యోనిలో పెట్టుకునే గోలీగా 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 16 వారాల వరకు ఇవ్వమంటున్నారు. అది శరీరంలో అండాశయం తయారు చేసే ప్రొజెస్టిరోనే, మార్పు చేసిన రకం కాదు. నెలలు నిండకముందు కాన్పును ఆపడానికి దీన్నే వాడి చూసిన మరో పరిశోధనలో పిల్లలను రెండేళ్ల వయసు దాకా గమనిస్తే వారి ఎదుగుదలలో హాని కనబడలేదు.

డైడ్రోజెస్టిరోన్ మాత్ర కృత్రిమమైనదే, అయితే ప్రొజెస్టిరోన్‌కు దగ్గరి ఆకారం. దీన్ని 1960ల నుంచి వాడుతున్నారు. గుండె లోపాల గురించి కొన్ని పరిశీలనల్లో అనుమానం వచ్చింది. గర్భిణులను రెండు జట్లుగా చేసి చూసిన పరిశోధనల్లో అది రుజువు కాలేదు. మీరు కొన్ని రోజులు వేసుకున్నంత మాత్రాన దిగులు పడవద్దు. ఎంతకాలం కొనసాగించాలో, అసలు కొనసాగించాలో లేదో మీ డాక్టరే నిర్ణయించాలి. 18 నుంచి 20 వారాల మధ్య చేసే వివరమైన స్కానింగ్‌ను మాత్రం తప్పించుకోకండి. అది ఎలాగూ అందరికీ చేయవలసినదే.

ఒక ముఖ్యమైన మినహాయింపు. ఇది చదివేవారిలో ఐవీఎఫ్ చేయించుకున్నవారు ఉంటే, ముఖ్యంగా మందులతోనే గర్భాశయాన్ని సిద్ధం చేసి, దాచిన పిండాన్ని లోపల పెట్టినవారు, ప్రొజెస్టిరోన్‌ను ఒక్క రోజు కూడా సొంతంగా ఆపకూడదు. మామూలు గర్భంలో అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ ల్యూటియం తొలి వారాల్లో ప్రొజెస్టిరోన్ ఇస్తుంది. 7 నుంచి 9 వారాల మధ్య ఆ పనిని మావి అందుకుంటుంది. పైన చెప్పిన ఐవీఎఫ్ పద్ధతిలో ఆ కార్పస్ ల్యూటియమే ఉండదు. బయటి నుంచి ఇచ్చేదే ఆధారం. ఈ వీడియోలు చూసి వాళ్లు ఆపేస్తే నిజంగానే గర్భం పోవచ్చు.

ఇంకొకటి తిరుపతిలో ఉన్నందుకు చెప్పక తప్పదు. దర్శనం టికెట్లు నెలల ముందే తీసుకుంటారు, తీరా ఆ తేదీకి నెలసరి వచ్చేలా ఉంటుంది. ఇంట్లో పెళ్లో, వ్రతమో ఉన్నా అంతే. అప్పుడు మందుల షాపుకు వెళ్లి "నెలసరి వెనక్కి జరిపే మాత్ర" అడిగితే చీటీ లేకుండానే నోర్‌ఎథిస్టిరోన్ అనే కృత్రిమ ప్రొజెస్టిన్ 5 మిల్లీగ్రాముల మాత్రలు చేతిలో పెడతారు. కొండ దిగి వచ్చాక కూడా నెలసరి రాలేదని పరీక్ష చేసుకుంటే గర్భం అని తేలుతుంది. అప్పుడు హడావుడిగా నా దగ్గరకు వచ్చి "తీసేయండి డాక్టరమ్మా" అన్నవాళ్లు ఎందరో. 1950ల చివర అమెరికాలో లాసన్ విల్కిన్స్ అనే పిల్లల వైద్యుడు, గర్భిణులకు ఇలాంటి మందులు ఎక్కువ మోతాదులో, వారాల తరబడి ఇస్తే ఆడపిల్లలకు జననాంగం మగపిల్లవాడిలా ఉబ్బి పుట్టడాన్ని గుర్తించాడు. అది నిజం. కానీ ఆ మార్పుకు ముఖ్యమైన కాలం 8వ వారం తర్వాత. దర్శనం కోసం నాలుగు రోజులు వేసుకున్న మాత్ర పడేది 4వ వారం దగ్గర. అప్పటికి ఆ అవయవాలు మొదలే కాలేదు. ఇలాంటి హార్మోన్లే ఉండే గర్భనిరోధక మాత్రలు వాడుతూ గర్భం వచ్చినవారి గురించి డెన్మార్క్‌లో 8 లక్షల 80 వేలకు పైగా పిల్లల వివరాలు చూశారు. అవకరాలు వాడినవారిలో, వాడనివారిలో ఒకేలా, వెయ్యికి సుమారు 25 ఉన్నాయి. గర్భం తీయించుకోవలసిన పని లేదు. అయితే ఈ మాత్ర వేసుకునే ముందు, పెళ్లయినవారైతే, ఇంట్లోనే మూత్ర పరీక్ష చేసుకోండి. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు దీన్ని అసలు వేసుకోకూడదు, గంటల తరబడి బస్సు ప్రయాణం ఉంటే మరీనూ.

నెలలు నిండకముందే కాన్పు అయ్యేలా ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల కోసం వేసే బీటామెథసోన్ ఇంజెక్షన్ మరో కృత్రిమ హార్మోన్. అది ప్రాణం కాపాడుతుంది. వేయమంటే వద్దనకండి. న్యూజిలాండ్‌లో ఆ ఇంజెక్షన్ సోకిన పిల్లలను 30 ఏళ్ల వయసులో పరీక్షిస్తే ఇన్సులిన్ పనితీరులో కొద్ది తేడా తప్ప పెద్ద హాని కనబడలేదు. ఫిన్లండ్‌లో మాత్రం, ఇంజెక్షన్ వేశాక కాన్పు ఆగి నెలలు నిండి పుట్టిన పిల్లల్లో ప్రవర్తన సమస్యలు కొంచెం ఎక్కువగా కనిపించాయి. అందుకే అవసరం ఉన్నవారికే వేయాలి, ఊరికే ముందు జాగ్రత్తగా వేయకూడదు.

ఇప్పుడు మీ ఆరోగ్యం. తల్లి కడుపులో హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ సోకి ఉండవచ్చని మీ డాక్టరుకు చెప్పండి, మీ చీటీల మీద రాయించండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కాన్పు తర్వాత చేయించుకోండి. అది మీ వయసు వారందరికీ అవసరమే. రొమ్ములో గడ్డ తగిలితే వాయిదా వేయకండి. మలంలో రక్తం పడితే మొలలే అనుకుని ఊరుకోకండి, చూపించుకోండి. నలభై దాటాక మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) గురించి అడగండి. తిరుపతిలో స్విమ్స్ పెద్దాసుపత్రి ఉంది, క్యాన్సర్ ఆసుపత్రి కూడా వచ్చింది. చిత్తూరు నుంచి వేలూరు గంట దూరమే. కేవలం ఈ కారణంతో ఏటా స్కానింగులు, రక్త పరీక్షలు చేయించుకోమని ఎవరైనా ప్యాకేజీ చూపిస్తే డబ్బు పోసుకోకండి.

ఈ వారం డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ వీడియో చూపించకండి, వాదన అవుతుంది. ఇలా అడగండి: "నాకు ఇంతకుముందు కడుపు పోలేదు, గుండె కొట్టుకుంటోంది. ఈ వారం ఇంజెక్షన్ ఏ లాభం కోసం? ప్రొజెస్టిరోన్ తప్పనిసరి అనుకుంటే సహజ రకం ఇవ్వవచ్చా? మాత్రలు ఎన్నో వారం దాకా?" మర్యాదగా అడిగితే చాలామంది డాక్టర్లు సంతోషంగానే చెబుతారు. చెప్పడానికి ఇష్టపడకపోతే ప్రసూతి ఆసుపత్రిలో మరొకరి అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు.

ఇప్పటికే వేసిన ఇంజెక్షన్ పేరు, మోతాదు, బ్యాచి నంబరు, తేదీ, ఎన్నో వారమో మీ తల్లీబిడ్డ కార్డు వెనక రాయండి. ఖాళీ సీసా మీద ఉన్న చీటీని ఫోటో తీసుకోండి. మీ అమ్మగారు చెప్పినదంతా తేదీ వేసి ఒక కాగితం మీద రాసి దాంతో పాటే పెట్టండి. ఏ మందు వల్లనైనా దుష్ప్రభావం కనిపించిందనుకుంటే 1800 180 3024 నంబరుకు ఉచితంగా ఫోను చేసి చెప్పవచ్చు. భారత ప్రభుత్వ ఔషధ భద్రతా కార్యక్రమం వారు నమోదు చేసుకుంటారు. కాన్పు అయ్యాక ఆ కాగితాలు పారేయకండి. బిడ్డ ఆసుపత్రి కాగితాలతో కలిపి ఉంచి, పెద్దయ్యాక బిడ్డ చేతికే ఇవ్వండి.

రక్తస్రావం నెలసరిలా ఎక్కువైతే, కడుపులో ఒక పక్కన గట్టిగా నొప్పి వస్తే, కళ్లు తిరిగితే మాత్రం ఈ చర్చలన్నీ పక్కన పెట్టి, ఏ వేళయినా 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్లండి. మీ డాక్టరు ఏమన్నారో తర్వాత ఇక్కడే రాయండి, చూస్తాను.